నట్టుకు పెట్టిన బొట్టు

అమెరికాలో చంటిపిల్లల్ని పెంచిన తల్లులకి ఓష్‌కాష్ అన్న పేరు కొత్త కాదు. నీలం గీతల ఓవరాల్స్, భుజాల మీద మెరిసే లోహపు బకిల్స్, జేబు మీద ఓష్‌కాష్ బిగాష్ అన్న ముద్ర. సేల్ పెట్టినప్పుడు వచ్చే ఏడాదికని ఒక సైజు పెద్దది కొని బీరువాలో దాచుకోని వాళ్ళు మనలో తక్కువే. ఆ కంపెనీ 1895లో పుట్టిన ఊరు విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కాష్. కిందటి జులైలో ఆ ఊరికి వెళ్ళొచ్చాను. పిల్లల బట్టల కోసం కాదు, నట్లూ బోల్టులూ చూడటానికి!

ఓష్‌కాష్ అన్నది మెనామినీ తెగ నాయకుడి పేరు. ఊరి పక్కనే విన్నెబేగో సరస్సు. అవతలి ఒడ్డు కనిపించదు. ఒకప్పుడు కలప కోత మిల్లులు ఎన్ని ఉండేవంటే, దీన్ని రంపపుపొట్టు ఊరని పిలిచేవారట. ఇప్పుడు జనాభా సుమారు 66 వేలు. ఏడాదంతా నిమ్మళంగా ఉండే ఈ ఊరికి జులై చివర్లో ఒక వారం పాటు మన పెద్ద తిరనాళ్ళ కళ వచ్చేస్తుంది. ఎయిర్‌వెంచర్ అనే విమానాల జాతర అది. ఆ వారం చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులన్నీ కలిపి 10 వేలకు పైగా విమానాలు వచ్చి వాలతాయి. అన్ని విమానాలు రేడియోలో మాట్లాడితే గోలైపోతుంది కదా, అందుకని పైలట్లు రిపన్ అనే ఊరి దగ్గర ఒకరి వెనక ఒకరు వరస కట్టి, కింద రైలు పట్టాలు చూసుకుంటూ ఫిస్క్ అనే పల్లె దాకా వస్తారు. అక్కడ కంట్రోలర్లు విమానాన్ని రంగుతో గుర్తుపట్టి పిలుస్తారు. పైలట్ నోటితో జవాబు చెప్పక్కర్లేదు, రెక్కలు రెండువైపులా ఊపితే చాలు. మన బుర్ర ఊపుడు లాంటిదే. రన్‌వే మీద రంగు చుక్కలుంటాయి. ఫలానా చుక్క మీద దిగమంటే దాని మీదే దిగాలి, ఎందుకంటే వెనకాలే ఇంకొకరు వేరే చుక్క కోసం వచ్చేస్తుంటారు.

చికాగో శివార్లలో ఉండే మాకు కారులో దాదాపు మూడు గంటల దారి. మిల్వాకీ దాటాక రెండు పక్కలా మొక్కజొన్న చేలు, గడ్డివాములు, పాడిపశువులు. చాలామంది అక్కడే గుడారాలు వేసుకుంటారు. అంత ఓపిక లేనివాళ్ళకి యూనివర్సిటీ హాస్టల్ గదులు అద్దెకిస్తారు. మేం అందులోనే దిగాం. తిండి సంగతి అడుగుతారని ముందే చెప్తున్నా. ఎటు చూసినా సాసేజ్‌లే. శాకాహారులకి కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేయించిన చీజ్ కర్డ్స్ దొరుకుతాయి. నేను పులిహోర, పెరుగన్నం కూలర్లో పెట్టుకెళ్ళాను.

ఇంతకీ నాకు విమానాల జాతరతో ఏం పని అంటారా? మా ఆయన, ఆయన ముగ్గురు స్నేహితులు కలిసి ఒక విమానం కడుతున్నారు. బొమ్మ కాదు, నిజం విమానం. ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టులో షెడ్డు అద్దెకు తీసుకుని, కిట్ తెప్పించుకుని, నాలుగేళ్ళుగా శని ఆదివారాలు అక్కడే. ఇద్దరు కూర్చునే అల్యూమినియం విమానం. ఈ తరహా ఆర్వీ విమానాలు ఇళ్ళల్లో, షెడ్లలో కట్టినవి ప్రపంచం మొత్తం మీద పది వేలకు పైగా ఎగిరాయి కాబట్టి ఇదేమీ మావాళ్ళకి మాత్రమే పట్టిన పిచ్చి కాదు. ఈ దేశపు చట్టం కూడా ఒప్పుకుంటుంది. పనిలో సగానికి పైగా సొంతంగా చేసి ఉండాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలి. అధికారి వచ్చి పరీక్షించాలి. ఆ తర్వాత మొదటి 25 గంటలో 40 గంటలో, ఇంజను ప్రొపెల్లర్ల జత ఏదన్నదాన్ని బట్టి, నిర్ణయించిన ప్రాంతంలో ప్రయాణికులు లేకుండా ఎగరాలి. అదీ అయ్యాకే పక్క సీటులో ఇంకొకరు కూర్చోవచ్చు.

ఆ ఇంకొకరు నేను. నా తర్వాత మా తొమ్మిదేళ్ళ అమ్మాయి. అది అప్పుడే తన సీటు ఏదో చూసుకుని, కిటికీలోంచి మా ఇల్లు కనిపిస్తుందా అని అడిగేసింది.

ఇలాంటి విమానంలో ప్రయాణికుడికి కనిపించేలా ఒక హెచ్చరిక అంటించాలని నిబంధన. ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాలకు వర్తించే ప్రభుత్వ భద్రతా నియమాలకు లోబడి లేదు అని దాని భావం. ఆ పలక మా భోజనాల బల్ల మీద రెండు వారాలు ఉంది. ఉప్పుడబ్బా పక్కన అది చదువుకుంటూ అన్నం తినడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. విజయవాడ నుంచి మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ నట్లూ అవీ ఎవరు చూస్తున్నారమ్మాయ్? వీడు చిన్నప్పుడు సైకిల్ విప్పితే మళ్ళీ బిగించేటప్పుడు రెండు మిగిలేవి" అనేవారు. నవ్వేవాళ్ళం కానీ, నా బెంగ కూడా అదే. నేను బీయస్సీ ఫిజిక్స్ చదివాను. రెక్కలు గాలిలో ఎలా తేలతాయో నాకు సందేహం లేదు. ఆ రెక్కలు ఊడకుండా ఏది పట్టి ఉంచుతోంది, అది పట్టి ఉందని ఎవరికెలా తెలుస్తుంది అన్నదే నా సందేహం. అది తేల్చుకున్నాకే ఎక్కడం, ఎక్కకపోవడం అని మా ఆయనతో చెప్పాను. అయితే ఓష్‌కాష్ పద అన్నారు.

ఈ జాతర నడిపే సంస్థ పేరు ఈఏఏ. 1953లో మిల్వాకీ ప్రాంతంలో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన మొదలుపెట్టారు. మొదట్లో దాని ఆఫీసు వాళ్ళింటి బేస్‌మెంటే. ఉత్తరాలకు జవాబులు, చిరునామాలు రాయడం, సభ్యుల లెక్కలు చూసుకోవడం, వీటన్నిటి వెనకా ఆయన భార్య ఆడ్రీ ఉన్నారు. 1955లో ఒక పత్రికలో ఆయన బేబీ ఏస్ అనే చిన్న విమానాన్ని ఇంజనుతో సహా 800 డాలర్లలోపు కట్టుకోవచ్చని బొమ్మలతో సహా రాస్తే దేశమంతా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆ వేలం వెర్రే ఇవాళ ఇంత జాతరైంది. 1970 నుంచి ఓష్‌కాష్‌లోనే జరుగుతోంది. జులైలో రాలేని వాళ్ళు అక్కడి మ్యూజియం ఏడాదిలో ఎప్పుడైనా చూడొచ్చు. పిల్లలకి బాగా నచ్చుతుంది.

అక్కడి ఎయిర్‌పోర్టుకి స్టీవ్ విట్‌మన్ పేరు పెట్టారు. ఆయన పందెపు విమానాల పైలట్, సొంతంగా విమానాలు రూపొందించి కట్టిన దిట్ట, కొన్ని దశాబ్దాలు ఆ ఎయిర్‌పోర్టుకి మేనేజరు. 1995 ఏప్రిల్‌లో, తన 91 ఏళ్ళ వయసులో, తాను కట్టుకున్న విమానంలో భార్య పౌలాతో కలిసి ఫ్లోరిడా నుంచి ఓష్‌కాష్ బయల్దేరారు. అలబామాలో విమానం కూలి ఇద్దరూ పోయారు. రెక్క మీద పరిచిన బట్ట పొర కింది చెక్కకు సరిగ్గా అతుక్కోకుండా లేచిపోవడమే కారణమని దర్యాప్తులో తేలింది. ఈ సంగతి తెలిశాక ఆ పేరు రాసిన బోర్డు కింద కాసేపు నిలబడిపోయాను. అరవై ఏళ్ళకు పైగా విమానాలు కట్టిన చెయ్యి అది. పక్క సీటులో కూర్చున్నావిడ ఆ చేతిని నమ్మే కూర్చుని ఉంటుంది. అనుభవం ఎంతున్నా అతుకు పట్టిందా లేదా అన్నది అతుకుని చూస్తేనే తెలుస్తుంది, కట్టినవారి మొహం చూస్తే తెలియదు. నేను నేర్చుకోవాల్సింది ఎక్కడ మొదలవుతుందో అక్కడ తెలిసింది.

జాతరలో చేత్తో చేసి నేర్చుకునే వర్క్‌షాపులు ఉంటాయి. రేకులకు రివెట్లు కొట్టడం, వెల్డింగు, చెక్కపని, బట్ట తొడగడం, ఎవరైనా కూర్చోవచ్చు. మాలాంటి అల్యూమినియం విమానంలో రివెట్లు వేలకొద్దీ ఉంటాయి. అవి ఒకసారి నలగ్గొట్టి మూసేస్తే తిరిగి వదులయ్యే మరలు కావు. బెంగ పెట్టుకోవాల్సింది బోల్టుల గురించి. రెక్కని మొండేనికి, ఇంజనుని చట్రానికి, కంట్రోలు కడ్డీలని ఒకదానికొకటి కలిపేవి అవే. నేను బోల్టులు నేర్పే బల్ల దగ్గర చేరాను. నేర్పుతున్నావిడకి డెబ్భై ఏళ్ళు ఉంటాయి. పొట్టి జుట్టు, మెడలో తాడుకి కట్టిన కళ్ళజోడు. మా అమ్మమ్మ జంతికలు చుట్టేటప్పుడు ఎలా చూసేదో అచ్చం అలా చూస్తోంది అందరి చేతుల వంక.

ఆవిడ మొదటి మాట: బోల్టు అంటే స్ప్రింగు. నట్టు బిగిస్తుంటే బోల్టు కంటికి కనపడనంత సాగుతుంది. సాగినది మళ్ళీ దగ్గరకు లాగుతుంది కదా, ఆ లాగుడే రెండు భాగాలనీ కలిపి నొక్కి పట్టి ఉంచుతుంది. జాడీకి వాసెన కట్టేటప్పుడు గుడ్డని లాగి కడితేనే నిలుస్తుంది, ఊరికే కప్పితే నిలవదు. ఇదీ అంతే. అయితే మనం నట్టు మీద పెట్టే బలంలో నూటికి తొంభై వంతులు రాపిడికే పోతుంది. మిగతా పదో వంతే బోల్టుని సాగదీస్తుంది. అందుకే మరల మీద కాస్త నూనె అంటినా లెక్క మారిపోతుంది. మరీ బిగిస్తే బోల్టు సాగి తెగుతుంది, తక్కువైతే పట్టదు. చేతి అంచనా పనికిరాదు, కొలిచే పానా కావాలి. దాన్నే టార్క్ రెంచి అంటారు.

కొలత ఎంతో చెప్తే ఆశ్చర్యపోతారు. విమానాల్లో తరచు వాడే చిన్న బోల్టు మందం అంగుళంలో 16 భాగాలు చేస్తే 3 భాగాలు. దాని నట్టుకి 20 నుంచి 25 అంగుళం పౌండ్ల మెలిక చాలు. అంటే 5 అంగుళాల పానా చివర అర గ్యాలన్ పాలడబ్బా వేలాడదీసినంత. పావు అంగుళం బోల్టుకి 50 నుంచి 70. అంటే 7 అంగుళాల పానా చివర ఒక గ్యాలన్ పాలడబ్బా. రోజూ ఫ్రిజ్‌లోంచి మనం ఒంటి చేత్తో తీసే బరువే! మగవాళ్ళ కండబలంతో పనేమీ లేదని ఆ పూట బాగా అర్థమైంది.

సరిగ్గా బిగించిన నట్టు మరి ఎందుకు వదులవుతుంది? దీనికి జవాబు 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు చూపించాడు. బోల్టుని నిలువుగా లాగి వదిలే కుదుపుల కన్నా, అడ్డంగా అటూ ఇటూ జరిపే కుదుపులే నట్టుని తిప్పేస్తాయి. ఇది మనకి తెలిసిన విషయమే. బిగుతు గాజుని నేరుగా లాగితే రాదు. గాజులబ్బాయి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ కదిలిస్తూ లాగితే జారి వచ్చేస్తుంది. ఒక దిక్కున జారడం మొదలయ్యాక రాపిడి ఇంకో దిక్కునీ ఆపలేదు. విమానం ఇంజను నిమిషానికి 2 వేలకు పైగా తిరుగుతూ ప్రతి నట్టునీ గాజులబ్బాయిలా కదుపుతూనే ఉంటుంది. కాబట్టి బిగించడం ఒక పని, బిగించినది వదలకుండా కాపలా పెట్టడం ఇంకో పని. చెవిదిద్దులకి మర తిప్పి ఊరుకోకుండా రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తడిమి చూసుకుంటామే, అలా.

ఆ కాపలాదార్లని ఆవిడ వరసగా బల్ల మీద పేర్చింది. మొదటిది లోపల నైలాన్ రింగున్న నట్టు. ఆ రింగు బోల్టు మరల్ని గట్టిగా కరుచుకుంటుంది. చేతి వేళ్ళతో తిరిగిపోతోందంటే దాని పని అయిపోయినట్టే, పారెయ్యాలి. 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే చోట నైలాన్ పనికిరాదు, అందుకని ఇంజను వైపు మొత్తం లోహంతో చేసిన నట్లు వాడతారు. రెండోది కోట నట్టు. పైన బురుజుల్లా గాళ్ళు ఉంటాయి. బోల్టుకి అడ్డంగా ఉన్న రంధ్రంలోంచి, ఆ గాడిలోంచి ఒక పిన్ను దూర్చి కొసలు విరిచి వంచుతారు. కంట్రోలు కర్ర, పెడల్స్, ఇలా తిరుగుతూ ఉండే కీళ్ళ దగ్గర రాపిడిని నమ్ముకున్న నట్టు చాలదు, ఇదే ఉండాలి. ఆ పిన్ను చూడగానే మా తాతయ్య గుర్తొచ్చాడు. ఎడ్లబండి ఇరుసు చివర చక్రం జారిపోకుండా దూర్చే ఇనప సీల. దాన్ని కడసీల అనేవాడు. బండి కట్టే ముందు మొదట చెయ్యి పెట్టి చూసేది దాన్నే, ఎడ్లని తర్వాత. పిన్ను తీస్తే మళ్ళీ అదే వాడకూడదు, కొత్తది పెట్టాలి.

మూడోది తీగ. బోల్టు తలలో రంధ్రం చేసి, స్టీలు తీగ దూర్చి, మెలివేసి పక్క బోల్టుకి కడతారు. 0.032 అంగుళం మందం తీగకి అంగుళానికి 6 నుంచి 8 మెలికలు. తక్కువైతే వదులు, ఎక్కువైతే తీగ తెగుతుంది. అమ్మాయిలకి జడ వేసే మనకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? అయితే ఇక్కడ అసలు కిటుకు దిశలో ఉంది. బోల్టు వదులయ్యే వైపు తిరగబోతే తీగ దాన్ని బిగుసుకునే వైపు లాగాలి. రెండు బోల్టులు ఒకదాన్నొకటి పట్టి ఆపుతాయన్నమాట. నా పక్కన కూర్చున్నాయన ఎంతో అందంగా మెలివేశాడు కానీ తీగ వదులయ్యే వైపు లాగుతోంది. ఆవిడ ఏమీ అనకుండా కత్తిరించి కొత్త తీగ చేతికిచ్చింది. మిగిలిన కొసని చిన్నగా మెలివేసి లోపలికి వంచాలి, లేకపోతే తర్వాత చెయ్యి పెట్టినవాళ్ళని కోస్తుంది. ఆ కొసని వాళ్ళు కూడా పిలక అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు.

నాలుగోది జిగురు. దీని కథ రైట్ సోదరుల దాకా వెళ్తుంది. 1903 నవంబర్‌లో కిట్టీహాక్‌లో వాళ్ళ ప్రొపెల్లర్ షాఫ్టుల మీద పళ్ళచక్రాలు ఎంత బిగించినా ఇంజను కుదుపులకి వదులైపోయేవి. చివరికి సైకిల్ టైర్లు అంటించే ఆర్న్‌స్టీన్ సిమెంటు పోసి బిగించారు. సైకిల్ షాపు వాళ్ళు కదా! డిసెంబర్ 17న ఎగిరారు. తర్వాత 1953లో, అంటే ఈఏఏ పుట్టిన ఏడాదే, వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ మరల కోసమే ఒక ద్రవం కనిపెట్టాడు. గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగానే ఉంటుంది. మరల సందులో గాలి ఆడక, లోహం తగిలితే గట్టిపడుతుంది. అదే లాక్‌టైట్. తీగో పిన్నో పెట్టమని చెప్పిన చోట మాత్రం దాని బదులు ఇది వాడకూడదు.

ఇంకో చిన్న నియమం నాకు చాలా నచ్చింది. బోల్టు దూర్చేటప్పుడు వీలైనంతవరకు తల పైకో ముందుకో ఉండాలి. ఎప్పుడైనా నట్టు ఊడిపోయినా, బరువుకో గాలి తోపుకో బోల్టు దాని చోట అది ఉండే అవకాశం ఉంటుంది. ఇంత చేశాక కూడా, ఇదంతా విఫలమైతే ఏమిటి అని ఆలోచించిన మనసు అది.

అన్నీ అయ్యాక ఆవిడ ఒక చిన్న ట్యూబు తీసి, నట్టు మీంచి పక్కన రేకు మీదకి నారింజ రంగుతో సన్నటి గీత పెట్టింది. ఆరాక ఆ రంగు పెళుసుగా ఉంటుంది. నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి రెండు ముక్కలు పక్కపక్కకి జరుగుతాయి. నాకు దసరా గుర్తొచ్చింది. ఆయుధపూజ నాడు కుట్టుమిషను దగ్గర్నుంచి స్కూటరు దాకా అన్నిటికీ కుంకుమ బొట్టు పెడతాం కదా. ఇదీ బొట్టే. కానీ దీనికి ఒక కట్టుబాటు ఉంది. కొలిచి బిగించిన మనిషే, బిగించిన వెంటనే పెట్టాలి. అందంగా ఉంటుందని వరసగా అన్నిటికీ పెట్టుకుంటూ పోకూడదు. బొట్టు ఉంటే, దాన్ని కొలిచి బిగించారు, తర్వాత కదల్లేదు అని అర్థం. బిగించినవాళ్ళు ఊళ్ళో లేకపోయినా, ఆ పని చేతకాని వాళ్ళు కూడా దీపం వేసి చూసి చెప్పగలరు. ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది ఇదే అనిపించింది. మా ఆయన మీద నమ్మకం ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. ఆయన పనిని నా కళ్ళతో నేను చూసే దారి ఉందా అన్నది.

బిగుతు సంగతి ఇలా ఉంటే, అసలు బిగించడమే మర్చిపోతే? ఆవిడ చివర్లో చెప్పింది దాని గురించే. 1991 సెప్టెంబర్ 11న టెక్సస్‌లో ఈగిల్ లేక్ దగ్గర కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ విమానం గాలిలోనే విరిగి 14 మందీ చనిపోయారు. ముందు రాత్రి రిపేరు కోసం తోక రెక్క ఎడమవైపు పైనున్న 47 స్క్రూలు తీశారు. మధ్యలో షిఫ్టు మారింది. తీశామన్న సంగతి తర్వాతి వాళ్ళకి చేరలేదు. పొద్దున్నే విమానం వెళ్ళిపోయింది. 2024 జనవరి 5న పోర్ట్‌లండ్ నుంచి బయల్దేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానంలో గోడ ముక్క ఊడిపోయిన సంగతి మనందరం టీవీలో చూశాం. అక్కడా నాలుగు బోల్టులు తిరిగి పెట్టలేదని తేలింది. అదృష్టం, ఎవరూ పోలేదు. ఈ రెండు చోట్లా చేతకాని పని ఏదీ లేదు. పని మధ్యలో ఆగింది, ఆగిందన్న గుర్తు మిగల్లేదు.

పని మధ్యలో ఆగడం గురించి గృహిణులకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? పొయ్యి మీద పాలు, చేతిలో ఫోను, గుమ్మంలో స్కూలు బస్సు. పప్పులో ఉప్పు వేశామా లేదా అన్న అనుమానం వస్తే రుచి చూసి తెలుసుకుంటాం. విమానంలో రుచి చూసే వీలు లేదు. అందుకని తిరిగి వచ్చాక షెడ్డులో నేను పెట్టించిన మొదటి నియమం ఇదే. పని మధ్యలో ఎవరు లేచి వెళ్ళినా, నీళ్ళ కోసమైనా సరే, ఆ చోట ఎర్ర రిబ్బను కట్టాలి, పలక మీద రాయాలి. రిబ్బను విప్పేది కట్టినవాళ్ళే. రిబ్బన్లు మా అమ్మాయి పాత జడ రిబ్బన్లు. మొదట్లో నలుగురూ నవ్వారు. నెల తిరిగేసరికి వాళ్ళే అడిగి కట్టుకుంటున్నారు.

రెండో పని, రేకులు మూసేసే ముందు ప్రతి బోల్టునీ నేను చూడటం. చేతిలో దీపం, పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం, పక్కన నట్ల జాబితా. నాలుగు ఆదివారాలు పట్టింది. బోల్టు కొస నట్టులోంచి పూర్తిగా బయటికి వచ్చిందా, పిన్ను కొసలు వంచారా, తీగ ఏ వైపు లాగుతోంది, బొట్టు ఉందా. తోక లోపలికి వాళ్ళెవరి చేతులూ పట్టవు, నా చెయ్యి పట్టింది. పెడల్ దగ్గర ఒక నట్టుకి బొట్టు లేదు. ఎవరు బిగించారంటే నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టార్క్ రెంచి పెట్టగానే టిక్కుమంది. నట్టు సరైన బిగుతులోనే ఉంది. కానీ ఆ టిక్కు వినబడేదాకా ఆ సంగతి ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. పిన్ను మార్చి, బొట్టు పెట్టి, జాబితాలో తేదీ వేశాం.

అధికారి పరీక్ష అయింది, విమానం ఎగిరింది. నలుగురిలో ఎక్కువ అనుభవం ఉన్నాయన ఒక్కరే 40 గంటల పరీక్ష ఎగురుడు మొదలుపెట్టారు. మొదటి పది గంటలయ్యాక ఇంజను మూత విప్పి బొట్లన్నీ చూశాం. ఆయిల్ కూలర్ పట్టీ దగ్గర ఒక నట్టు మీద గీత విరిగింది. వెంట్రుక మందం జరిగి ఉంది, అంతే. ఆ పూట కారులో ఇంటికొస్తూ ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేను భయపడ్డానని ఆయన అనుకున్నారు. నిజానికి నా మనసు కుదుటపడింది అప్పుడే. కదిలేది ఎక్కడో కదులుతుంది. అది వెంట్రుక మందంలో ఉన్నప్పుడే మాకు కనబడింది. కొత్త నట్టు వేసి, కొలిచి బిగించి, మరో ఐదు గంటల తర్వాత మళ్ళీ చూశాం. గీత చెక్కుచెదరలేదు.

ఇది రాసేసరికి 31 గంటలు పూర్తయ్యాయి. 41వ గంటలో పక్క సీటు నాది. ఆ హెచ్చరిక పలక నా మోకాళ్ళ ఎదురుగానే ఉంటుంది, అందులో రాసింది నిజమే కూడా. ప్రమాదం లేదని నేను అనుకోవడం లేదు. దేన్ని నమ్మి కూర్చుంటున్నానో తెలిసి కూర్చుంటున్నాను. అమ్మాయి విషయంలో మాత్రం తొందర లేదు. ఏడాదికోసారి తప్పనిసరిగా చేయాల్సిన పూర్తి తనిఖీ ఒకటి ముగియాలి, ప్రతి బొట్టూ మళ్ళీ చూడాలి, ఆ తర్వాతే. దాని మొహం ముడుచుకుంది, ఫర్వాలేదు.

మీ పిల్లలకి విమానాల సరదా ఉంటే, ఈఏఏ వాళ్ళ యంగ్ ఈగిల్స్ కార్యక్రమంలో 8 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని చిన్న విమానంలో ఉచితంగా తిప్పుతారు. 1992 నుంచి 20 లక్షల మందికి పైగా పిల్లలు అలా ఎగిరారు. చిన్న ఎయిర్‌పోర్టులున్న చాలా ఊళ్ళల్లో వాళ్ళ శాఖలుంటాయి. వెళ్ళినప్పుడు బయట కుర్చీలో కూర్చోకండి. పైలట్ ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకునేటప్పుడు మీరూ వెంట నడవండి. ఆ రంగు గీతలేమిటి, ఈ తీగ ఎటు లాగుతోంది, ఈ పిన్ను కొత్తదేనా అని అడగండి. మంచి పైలట్ విసుక్కోడు, సంతోషంగా చూపిస్తాడు. విసుక్కుంటే, పిల్లని తీసుకుని ఐస్‌క్రీమ్ తినిపించి ఇంటికి వచ్చేయండి.

మొన్న అత్తగారు మళ్ళీ అడిగారు, నట్లన్నీ ఎవరు చూశారని. "నేను చూశాను అత్తయ్యా" అన్నాను. అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, "అయితే సరే. మిగిలినవి ఏమైనా ఉన్నాయా?" అన్నారు. ఒక్కటి కూడా మిగల్లేదు, లెక్క సరిపోయింది అని చెప్పాను.